పిలవని పేరు

జనవరి 24, శుక్రవారం

పొద్దున కాలేజీ ప్రార్థనమందిరం, అదే చాపెల్, మెట్ల మీద జారిపడ్డాను. రాత్రి వాన పడి, మెట్ల మీదే గడ్డకట్టింది. తల వెనకభాగం రాతి పిట్టగోడకు కొట్టుకుంది. కాసేపు అలాగే కూర్చుని, ఎవరూ చూడలేదు కదా అని నవ్వుకున్నాను. తరవాత భోజనశాలకు వెళ్లి ఓట్స్ జావ తిన్నాను. ఇమానీ నా కోటు వెనక మంచు దులిపి, "ఏంటే, మన గదిలో మంచముండగా పోయి నేల మీద పడుకున్నావా?" అంది.

కొంచెం తలనొప్పి. అంతే.

జనవరి 25

తలనొప్పి. నిద్ర చాల్లేదు.

జనవరి 28, మంగళవారం

అక్షరాలు నిలబడటం లేదు. వాక్యం మొదట్లో పట్టుకున్న మాట చివరికొచ్చేసరికి కింది వరసలోకి జారిపోతోంది. రెండు వరసలు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయి. ఆ వెంటనే కడుపులో తిప్పుతోంది. కళ్లజోడు మార్చాలి. బజారులో మందుల షాపులో ఒకటి కొన్నాను. అది పెట్టుకుంటే ఇంకా తిప్పుతోంది.

రాయడం మాత్రం వస్తోంది. కాగితం వైపు చూడకుండా, లావు పెన్నుతో, పెద్ద పెద్ద అక్షరాలు. చేతికి అలవాటైన పని. రాసింది చదవలేను. ఎవరు చదవాలి గనక.

ఇవాళ లాటిన్ తరగతిలో వానెక్ మేడమ్ చదవమని నన్నే అడిగారు. అదృష్టం, ఆ భాగం నాకు నోటికొచ్చు. పుస్తకం మీద చూపు ఆనించి మొత్తం అప్పజెప్పాను. "మారెన్ చదువుతుంటే ఆ భాష ఇంకా బతికే ఉందనిపిస్తుంది," అన్నారావిడ. పక్క కుర్చీలోంచి డార్లీన్ నా మోచేతి కింద ఒక పిప్పర్మెంటు బిళ్ల పెట్టి, "తెల్లగా పాలిపోయావు అమ్మాయ్, తిను," అంది. యాభై రెండేళ్ల మనిషి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక కాలేజీలో చేరింది. తరగతిలో అందరినీ అమ్మాయ్, అబ్బాయ్ అంటుంది.

వారంలో తగ్గిపోతుంది.

జనవరి 31

ఆరోగ్య కేంద్రం గుమ్మం దాకా వెళ్లి వచ్చేశాను.

కిందటేడు హాకీ జట్టు గోల్‌కీపర్ కోల్‌ని ఇలాగే తలకు దెబ్బ తగిలిందని ఒక సెమిస్టర్ ఇంటికి పంపారు. విశ్రాంతి అన్నారు. వాడు మళ్లీ రాలేదు. ఇప్పుడు వాళ్ల మామయ్య దగ్గర టైర్లు మారుస్తున్నాడట. నాకు మేలో డిగ్రీ రావాలి. థీసిస్ పూర్తవ్వాలి. ఆగస్టులో పై చదువుకి చేరాలి, అది కూడా లాటిన్ రాతప్రతులు చదివే చదువు. చదవడం తప్ప నాకింకేం రాదు. ఇంటి దగ్గర ఆవుల పాలు పితకడం వచ్చు, అంతే.

ఎవరికీ చెప్పను. చెబితే నిజమైపోతుంది.

ఫిబ్రవరి 3, సోమవారం

టేపర్ సొసైటీ ఎంపిక సమావేశం. టేపర్ అంటే సన్నటి మైనపు వత్తి, కొత్తగా చేరేవాళ్లు వెలిగించేది. మిగతా ఏడాదంతా మేం చేసేది పెద్దగా ఏమీ ఉండదు. ఈ ఒక్క పనికే మా గౌరవమంతా. మూడో ఏడు, నాలుగో ఏడు విద్యార్థుల్లో చదువులోనూ నడతలోనూ మేటి అనిపించినవాళ్ల పేర్లు అధ్యాపకులు పంపుతారు, మేం తేలుస్తాం, సొసైటీ సలహాదారుగా వానెక్ మేడమ్ చివరగా సరిచూస్తారు. అధ్యక్షురాలిగా నేను అందరి ఫైళ్లూ ముందే చదివి ఉండాలి.

నేను ఒక్కటీ చదవలేదు.

"ఈసారి కొత్త పద్ధతి," అన్నాను. "ఒక్కొక్కరూ కొన్ని ఫైళ్లు తీసుకుని, అందులో ఏముందో నోటితో చెప్పండి. అప్పుడు రాతకి కాదు, మనిషికి ఓటేస్తాం." అందరూ మెచ్చుకున్నారు. కోశాధికారి గారెట్ అయితే, "ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదో," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా.

డార్లీన్ ఫైలు గారెట్‌కి వచ్చింది. "డార్లీన్ హొస్టెట్లర్. మార్కులు బ్రహ్మాండం. కానీ కిందటేడు ఒక కోర్సు పూర్తి చేయకుండా వదిలేసింది. మనిషి మంచిదే. కానీ నిబంధన నిబంధనే," అన్నాడు.

ఎవరో, "ఎందుకు వదిలేసింది?" అన్నారు.

"రాయలేదు."

అందరూ నా వైపు చూశారు. ఫైలు నా ముందుకి జరిపారు. దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పేజీ తిప్పితే వాంతి వచ్చేలా ఉంది. "గారెట్ చెప్పింది సరైనదే," అన్నాను.

డార్లీన్ పేరు తీసేశాం. మిగతావన్నీ సజావుగా జరిగాయి. సమావేశం బాగా జరిగింది. చాలా బాగా జరిగింది.

ఫిబ్రవరి 11

అమ్మ ఫోన్ చేసింది. తను నడిపే బడి బస్సు ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య, మధ్యాహ్నం చేస్తుంది. వెనక బస్సు ఇంజను చప్పుడు.

"మీ కొవ్వొత్తుల సంఘం పండగ ఎప్పుడే? ఏప్రిల్ ఆరేగా? ఆ ఆదివారం సెలవు పెట్టాను. నీలం గౌను ఇస్త్రీ చేయించాను."

"కొవ్వొత్తుల సంఘం కాదమ్మా."

"కొవ్వొత్తులు వెలిగిస్తారా లేదా?"

"వెలిగిస్తారు."

"మరి. నువ్వు వేదికెక్కి అందరి పేర్లూ పిలుస్తావని బస్సులో పిల్లలందరికీ చెప్పాను. నీ గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

"నిమ్మకాయ వేడినీళ్లు తాగు. ఎక్కువ చదవకు."

చదవనులే అమ్మా.

ఫిబ్రవరి 13

ఎంపికైనవాళ్ల పేర్లు గోడకంటించారు. తరగతి అయ్యాక డార్లీన్ నా పక్కనే నడిచింది. "నా పేరు లేదుట గదా. నేనుగా అడగలేదులే అమ్మాయ్, వానెక్ మేడమే పంపారు. మా ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది, అదొక్కటే పొరపాటు చేశా," అని నవ్వింది. నేను కూడా ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు రావడం లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఇమానీకి తెలిసిపోయింది.

పొద్దున గదిలో తన ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "చూడు మా చెల్లి ఏం రాసిందో," అంది. వాళ్ల చెల్లి ఎప్పుడూ వేళాకోళమే రాస్తుంది. నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను.

ఇమానీ ఫోన్ వెనక్కి తీసుకోలేదు. "అందులో నవ్వడానికేముందే?" అంది. "మా తాతయ్యని ఆస్పత్రిలో చేర్చారని రాసింది."

ఇక దాచలేకపోయాను. మంచం అంచున కూర్చుని అంతా చెప్పాను. ఇమానీ లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టేసుకుంది. "పద, ఇప్పుడే డాక్టరు దగ్గరికి."

"ఏప్రిల్ ఆరు అయ్యాక."

"నీకు బుర్ర తిరిగిందా?"

"తిరుగుతోంది. అదేగా చెబుతున్నా."

తను నవ్వలేదు. "మారెన్, నేను కెమిస్ట్రీ చదువుతున్నాను, మాటలు చెప్పి నన్ను బోల్తా కొట్టించలేవు. ఇది తలకాయ. ఇంకోటి కొనుక్కోలేం."

బతిమాలాను. చేతులు పట్టుకున్నాను. నేనెప్పుడూ ఎవరినీ బతిమాలలేదు. చివరికి ఒప్పుకుంది. వేడుక అయిన మర్నాడే డాక్టరు. అప్పటిదాకా నాకు కావాల్సినవి తను చదివి పెడుతుంది. "నా చేత తప్పు చేయిస్తున్నావు," అంది. "తెలిసే చేయిస్తున్నావు."

మార్చి 3

ఇమానీ లాటిన్ చదువుతుంటే మందుల పేర్లు చదువుతున్నట్టుంటుంది. అయినా అర్థం చేసుకుంటున్నాను. థీసిస్ చివరి అధ్యాయం నేను చెబుతుంటే తను టైపు చేస్తోంది. కళ్లజోడు మార్చాలి.

మార్చి 4

ఇమానీ లాటిన్ చదువుతుంటే మందుల పేర్లు చదువుతున్నట్టుంటుంది. ఇది నిన్న రాశానా? కళ్లజోడు మార్చాలి.

మార్చి 8, శనివారం

ఇప్పుడు వెలుతురు కూడా. మంచు మీద ఎండ పడితే గోడ పట్టుకుని నడవాలి. గారెట్ ఎదురై, "అధ్యక్షురాలు గారు బాగా తాగినట్టున్నారే," అన్నాడు. అవునన్నాను. అదే నయం.

కిందటేడు చదివిన పుస్తకాల్లో వాక్యాలు కళ్లు మూసుకుని చెప్పుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఒక్క మాట జారిపోయేది కాదు. ఇవాళ సగంలో ఆగిపోయాను. ఎంత వెతికినా ఆ తరవాతి మాట లేదు. పుస్తకం షెల్ఫులో చేతికందేంత దూరంలో ఉంది. తీయలేదు. తీసి ఏం చేయను?

చదవలేని నేను ఎవరిని? అమ్మకు ఎవరిని?

మార్చి 15

పేర్లన్నీ నోటికొచ్చేశాయి. ఇమానీ గోడ మీది జాబితా ఫోటో తీసి చదివి వినిపించింది. వరసగా, ఎక్కడా తడబడకుండా వస్తున్నాయి. ఒక్క రోజు గట్టెక్కితే చాలు.

మార్చి 27, గురువారం

ఇమానీ వాళ్ల తాతయ్యను చూడటానికి డెట్రాయిట్ వెళ్లింది. మెయిళ్లు అలాగే పడున్నాయి. తెరవైపు చూడలేకపోతున్నాను.

నడవాలో వానెక్ మేడమ్ ఆపారు. "నా మెయిల్ చూశావుగా?"

"చూశాను మేడమ్."

"ఆ పేరు సంగతి గుర్తుపెట్టుకో. చివర్న పెట్టాను."

"గుర్తుంది మేడమ్."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. "దాని గురించి నువ్వు ఇబ్బంది పడతావేమో అనుకున్నాను. పడలేదు. సంతోషం."

ఏ పేరు? జాబితా చివరున్నది జెలెన్‌స్కీ. దాన్నెలా పలకాలో చెప్పి ఉంటారు. అదే అయుంటుంది. ఆవిడకి ఉచ్చారణ పట్టింపు ఎక్కువ. ఇమానీ రాగానే చదివించుకుంటాను.

ఏప్రిల్ 2

ఇమానీ వచ్చింది. తాతయ్య పోయాడు. తనని ఏమీ చదవమని అడగలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

రాయాలి. లేకపోతే ఊపిరాడదు.

చాపెల్ నిండిపోయింది. అమ్మ నీలం గౌను వేసుకుని మూడో వరసలో కూర్చుంది. కిటికీల్లోంచి ఎండ నేరుగా వేదిక మీదికి. వానెక్ మేడమ్ నా చేతికి తోలు అట్ట ఫైలు ఇచ్చారు, లోపల పేర్ల కాగితం. తెరిచి పట్టుకున్నాను. చూపు మాత్రం గుమ్మం వైపు.

పేరు పిలుస్తాను. వాళ్లొచ్చి సన్నటి మైనపు వత్తి అందుకుని పెద్ద దీపం దగ్గర వెలిగించి, సొసైటీ పుస్తకంలో సంతకం పెడతారు. ఒక్కరి దగ్గర కూడా తడబడలేదు. అమ్మ నోరు కొంచెం తెరిచి వింటోంది. చిన్నప్పుడు నేను మొదటిసారి చదివినప్పుడు కూడా అలాగే విందట.

ముందు వరస చివర్న డార్లీన్ కూర్చుని ఉంది. కొత్త గౌను, మెళ్లో ముత్యాలు. ఎవరికోసమో వచ్చింది కాబోలు అనుకున్నాను. అలాగే అనుకున్నాను. ముందు వరస ఎంపికైనవాళ్లకేనని తెలిసి కూడా.

జెలెన్‌స్కీ వత్తి వెలిగించి దిగిపోయాడు. ఫైలు మూశాను.

డార్లీన్ లేచి ఉంది. పూర్తిగా కాదు, సగం. చేత్తో కుర్చీ పట్టుకుని.

"ఇంకొకరు," అన్నారు వానెక్ మేడమ్ పక్కనుంచి, మెల్లగా.

ఫైలు తెరిచాను. తెల్లగా ఎండ. నల్లగా చీమలు. అటూ ఇటూ పాకుతున్నాయి. ఆ చీమల్లో ఆఖరి వరస పట్టుకోవాలని చూశాను, చాపెల్ మొత్తం పక్కకి ఒరిగింది. పట్టుకోవడం దేనికి? ఆవిడ నా ఎదురుగానే నిలబడి ఉంది. పేరు నాకు తెలుసు. అంత పెద్ద విషయం నాకు ఆ క్షణంలో అందలేదు. నాకు అందిందల్లా ఒక్కటే: అందరూ చూస్తున్నారు, నేను చదవడం లేదు.

"నా కాగితంలో లేదు," అన్నాను. మైకులో.

డార్లీన్ కూర్చుంది. గౌను అంచు మోకాళ్ల మీదికి లాక్కుంది. వెనక వరసలోంచి వాళ్ల అమ్మాయి గట్టిగా, "ఇదిగో, ప్రోగ్రాం కాగితంలో ఉంది కదా, అమ్మ పేరు ఉంది కదా," అంది. డార్లీన్ ఆమె చెయ్యి నొక్కి, "వద్దమ్మా, ఏదో పొరపాటు అయుంటుంది. పోదాం పద," అంటూ లేచి పక్క తలుపు వైపు నడిచింది. భర్త కోట్లన్నీ ఏరుకుని వెనకాలే.

వానెక్ మేడమ్ నా చేతిలోంచి కాగితం తీసుకుని చూశారు. తరవాత నన్ను చూశారు. ఆవిడే మైకు దగ్గరికొచ్చి, "డార్లీన్ హొస్టెట్లర్," అని పిలిచారు. అప్పటికి తలుపు మూసుకుంది. బల్ల మీద ఒక వత్తి మిగిలిపోయింది.

ఏప్రిల్ 7, సోమవారం

వానెక్ మేడమ్ గదికి పిలిపించారు. కూర్చోమనలేదు.

"ఫైలులో రెండో పేజీ ఎవరూ తిప్పలేదు. వాళ్లమ్మ చావుబతుకుల్లో ఉంటే కోర్సు ఆపింది, వేసవిలో పూర్తి చేసింది. ‘ఎ’ గ్రేడు వచ్చింది. అదంతా నీకు మెయిల్లో రాశాను. నువ్వు చూశానన్నావు."

"అవును మేడమ్."

"మీ ఓటు తప్పని నేను తేల్చానని నీకు కోపమా?"

తలుపు పిడి వైపు చూశాను.

"ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, మారెన్. ఇంత చిన్నబుద్ధి నీలో ఉంటుందని అనుకోలేదు."

ఒక్క మాట చెబితే పోయేది. చెబితే డిగ్రీ పోతుంది, ఆగస్టు పోతుంది, అన్నీ పోతాయి. చెడ్డదాన్ననుకోనీ. చెడ్డవాళ్లకి డిగ్రీలు ఆపరు.

"క్షమించండి," అని వచ్చేశాను.

అమ్మ నిన్న వెళ్లేటప్పుడు ఏమీ అడగలేదు. కారెక్కాక అద్దం దించి, "ఆవిడ ముఖం చూశావా?" అంది. అంతే. వెళ్లిపోయింది.

ఏప్రిల్ 8

ఇమానీ నాతో మాట్లాడటం లేదు. డాక్టరు దగ్గరికి రానన్నాను. ఒప్పుకున్నాం కదా అంది. ఇప్పుడు చెబితే సాకు చెప్పినట్టుంటుందన్నాను. "నువ్వు ఆవిడ గురించి ఒక్క మాట కూడా అనలేదు, గమనించావా?" అని తలుపేసుకుని పోయింది.

అన్నాను. అనుకుంటా. వెనక్కి తిప్పి చూడలేను.

ఏప్రిల్ 9, బుధవారం

డార్లీన్ తరగతికి రాలేదు. సోమవారం నుంచీ రాలేదట, ఆ రెండు రోజులూ నేను కూడా వెళ్లలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే గంటసేపు దాని పక్కన కూర్చున్నాను. చివరికి లేచి వచ్చేశాను. పాఠం మధ్యలో.

వాళ్ల ఇల్లు చెరువు అవతల. నడిచి వెళ్లాను, కంచెలు పట్టుకుంటూ. తలుపు తనే తీసింది. చేతికి పిండి అంటి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"మీ పేరు కాగితంలో ఉంది," అన్నాను. "నేను చదవలేకపోయాను. జనవరిలో పడ్డాను. అప్పట్నుంచి నాకు చదవడం రావడం లేదు. మీ ఫైలు కూడా చదవలేదు. గారెట్ ఏం చెబితే దానికి సరే అన్నాను."

డార్లీన్ చేతికంటిన పిండి గౌనుకి తుడుచుకుంది.

"నాకేమనిపించిందో తెలుసా?" అంది. "కాగితంలో లేదు అనగానే, అవును, ఎందుకుంటుంది అనిపించింది. మా అమ్మాయి ఉందీ ఉందీ అంటోంది, నాకు మాత్రం లేదనే అనిపించింది. ఇంటికొచ్చి పుస్తకాలన్నీ అటకెక్కించాను."

"నా కళ్లు..."

"నీ కళ్లు బాగోలేవు, సరే. నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ కాగితంలో లేదు అన్నది నీ కళ్లు కాదు కదా అమ్మాయ్."

కాదు.

గుమ్మంలోనే కింద కూర్చుండిపోయాను. ఏడ్చానో, వాంతి చేసుకున్నానో, రెండూనో. డార్లీన్ తడిగుడ్డ తెచ్చి నా ముఖం తుడిచింది, మెత్తగా ఏం కాదు. "లే. నీ మీద కోపం ఎక్కడికీ పోదు, తరవాత పడతాను. ముందు కారెక్కు," అంది.

ఆస్పత్రిలో ఫారం ఇస్తే తనే ప్రశ్నలు చదివింది, నేను జవాబులు చెప్పాను. నన్ను లోపలికి పిలిచినప్పుడు వెళ్లిపోతుందనుకున్నాను. బయటికొచ్చేసరికి అక్కడే కూర్చుని ఉంది, కోటు తీయకుండా.

మెదడు అదిరిందన్నాడు డాక్టరు. మొదట్లోనే విశ్రాంతి తీసుకుని ఉంటే ఈపాటికి తగ్గిపోయేదట. ఇప్పుడు ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు. పూర్తిగా తగ్గుతుందా అంటే, చూద్దాం అన్నాడు.

ఏప్రిల్ 11

వానెక్ మేడమ్‌కి అంతా చెప్పాను. ఈసారి కూర్చోబెట్టారు. విన్నాక కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "నాకు చెప్పి ఉంటే నేనే చదివి పెట్టేదాన్ని," అన్నారు. నాకది ఒక్కసారి కూడా తట్టలేదు.

అధ్యక్ష పదవి వదిలేశాను. సభ్యత్వం సంగతి కమిటీ తేలుస్తుంది. కళ్ల గురించి కాదు, మైకులో చెప్పిన అబద్ధం గురించి. అదే న్యాయం. సెమిస్టర్ రద్దు. ఆగస్టు రద్దు.

రేపు అమ్మ వస్తుంది. ఇమానీ నా బట్టలు సర్దుతోంది. ఇంకా మాట్లాడటం లేదు. నా స్వెట్టర్లు మాత్రం చాలా జాగ్రత్తగా మడుస్తోంది.

మే 18, ఆదివారం

నెల రోజులుగా రాయలేదు, రాయొద్దన్నారు. తెరలు దించిన గది. అమ్మ బస్సు దిగొచ్చి పక్కన కూర్చుని, ఆ రోజు ఏ పిల్లాడు ఏమన్నాడో చెబుతుంది. ఇవాళ పాల డబ్బా మీద ఒక మాట చదివాను. రెండో మాటకి వరస జారిపోయింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. డార్లీన్.

"వత్తి వెలిగించాను," అంది. "మొన్న, పట్టాలిచ్చే రోజున. విడిగా గదిలో చేస్తామన్నారు. వద్దన్నాను. అందరి ముందూ లేదన్నారు, అందరి ముందే పిలవండి అన్నాను. మీ మేడమ్ పిలిచింది. మా ఆయన ఈల వేశాడు, సిగ్గు లేకుండా."

"చాలా సంతోషంగా ఉంది."

"నువ్వు సంతోషపడాలని చేయలేదు. తెలియాలని చేశా."

కమిటీ నా సభ్యత్వం ఏడాది పాటు ఆపిందని చెప్పాను. తెలుసంది. నా తరఫున మాట్లాడలేదని కూడా అంది. తలెలా ఉందని అడిగింది, చెప్పాను. వాళ్లింట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"నన్ను క్షమించారా?" అన్నాను.

"ఇంకా లేదు."

పెట్టేస్తుందేమో అనుకుని ఫోన్ గట్టిగా పట్టుకున్నాను.

"వచ్చే ఆదివారం మళ్లీ అడగనా?"

"పొద్దున చర్చికి పోతాం," అంది డార్లీన్. "రెండు దాటాక చెయ్యి."